కుడిపక్క చోటు

ఆ ఆసుపత్రిలో ఒక ఆచారం ఉంది. ఎక్కడా రాసిపెట్టి లేదు, ఎవరూ ఎవర్నీ కూర్చోబెట్టి చెప్పలేదు, అయినా నిన్న చేరిన కుర్ర డాక్టరుకి కూడా తెలుసు. పెద్దాయన ఆపరేషన్ గదిలోకి వచ్చి చేతులు కడుక్కున్నాడంటే, అప్పటిదాకా బల్లకి కుడిపక్క నిలబడి పనిచేస్తున్న సర్జన్, ఎంతటివాళ్ళయినా సరే, ఎడమపక్కకి జరగాలి. కుడిపక్క చోటు కత్తి పట్టినవాళ్ళది. ఎడమపక్క చోటు అందించేవాళ్ళది, పట్టుకునేవాళ్ళది, నోరు మూసుకునేవాళ్ళది. పెద్దాయన ఉద్యోగం నుంచి దిగిపోయి చాలా ఏళ్ళయింది. ఆ చోటు మాత్రం వదల్లేదు.

దానికి కారణం లేకపోలేదు. ఆ భవనంలో పిల్లలకి ఆపరేషన్లు చేసే ప్రతి ఒక్కరూ ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. ఒకప్పుడు ఆయన చెయ్యి వేగం చూడటానికి వేరే ఊళ్ళ డాక్టర్లు వచ్చి నోళ్ళు వెళ్ళబెట్టుకు నిలబడేవారు. "అనుమానం ఉన్నచోట కత్తెర పెట్టు, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపో" అన్నది ఆయన సూత్రం. దాన్ని శిష్యులందరూ ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పేవారు. ఎవరి నిద్ర హాయిగా ఉంటుంది, అని మాత్రం ఒక్కరూ అడగలేదు.

అడగదగ్గ మనిషి ఒకావిడ ఉంది. ముందర అందరూ ఆమెను డాక్టరమ్మ అంటారు, ఆమె మలుపు తిరిగాక చిటపట అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది. గుడ్డ సరిగ్గా తడపకపోయినా, దారం ముడి వదులైనా, బిడ్డ తల్లితో ఎవరైనా విసుగ్గా మాట్లాడినా, కాగిన నూనెలో నీటిచుక్క పడ్డట్టే. ఆపరేషన్లప్పుడు పిల్లలకి మత్తు ఇచ్చే డాక్టరు ఆమె మొగుడు. ఇద్దరూ ఒకే తరగతిలో చదువుకున్నారు. "ఊళ్ళో పిల్లలందర్నీ నిద్రపుచ్చుతా గాని, ఇంట్లో ఈ ఒక్కదాన్నీ నిద్రపుచ్చడం నా వల్ల కాలేదు" అన్నది అతని పాత జోకు. ఆమె దానికి నవ్వదు. ఇంత కోపిష్ఠి మనిషికీ పెద్దాయన ఎదురుపడితే గొంతు పెగలదు. పిల్లి ముందు ఎలక అంటే ఆమె ఒప్పుకోదు గాని, చూసేవాళ్ళకి మరో పోలిక తట్టదు.

ఇక పిట్ట సంగతి. పిట్టకి మూడేళ్ళు. "పిట్టంత ప్రాణం" అని అమ్మమ్మ అన్నమాటే ఆ పిల్లకి పేరైపోయింది. పుట్టిన కొన్ని వారాలకే కడుపులో పేగు మెలిపడింది, తడిబట్టని పిండినప్పుడు పడే మెలి లాంటిది. మెలిపడ్డ పేగుకి రక్తం అందదు, నల్లబడుతుంది. పచ్చగా కక్కుకుంటున్న బిడ్డని గుండెకి కరుచుకుని తల్లి పరిగెత్తుకొచ్చింది. ఆ రోజు కూడా పెద్దాయనే వచ్చి పొట్ట తెరిచాడు. మెలి విప్పాడు, కోయాల్సింది కోసేశాడు, రెండు కొసలూ కలిపి కుట్టేశాడు, చేతులు కడుక్కున్నాడు. పసిబిడ్డకి కూడా పేగు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పరవగలిగినంత ఉంటుంది. పిట్టకి మిగిలింది జానెడు, ఆపైన నాలుగు వేళ్ళు.

జానెడు పొట్ట కోసం ఎన్ని పాట్లో అని లోకం అంటుంది గాని, పొట్టలో ఉన్న పేగే జానెడైతే పడే పాట్లు చూసినవాళ్ళకే తెలుసు. తిన్నది ఒంటికి పట్టే లోపే జారిపోతుంది. అందుకని ఆ పిల్ల ఛాతీలోకి ఒక సన్నటి గొట్టం వేశారు. రోజూ సాయంత్రం దానికి తిండి సంచీ తగిలిస్తే, తెల్లారేదాకా బొట్టుబొట్టుగా రక్తంలోకి దిగుతుంది. ఆ గొట్టంలో కంటికి కనపడని క్రిమి ఒక్కటి దూరితే ఒళ్ళు కాలిపోయే జ్వరం, మళ్ళీ ఆసుపత్రి మంచం. పోనీ ఏ జ్వరం లేకుండా గడిచినా, ఆ సంచీ తిండే మెల్లమెల్లగా కాలేయాన్ని పాడుచేస్తుంది. బతికించేదీ అదే, చంపేదీ అదే. ఈమధ్య పిట్ట కళ్ళలో తెలుపు పచ్చబడటం మొదలైంది.

పిట్ట తల్లి సిటీ బస్సులో కండక్టరు. గొంతు విప్పిందంటే మెట్ల మీద వేలాడేవాడు కూడా లోపలికి జరుగుతాడు. ఆ మనిషి సాయంత్రం ఇంటికి చేరి, గోళ్ళ సందులు కూడా వదలకుండా చేతులు తోముకుని, మూతికి గుడ్డ కట్టుకుని, ఊపిరి బిగబట్టి ఆ గొట్టానికి సంచీ తగిలిస్తుంది. ఆ పది నిమిషాలూ ఇంట్లో ఎవరూ తుమ్మకూడదు. తండ్రి రంగుల కార్ఖానాలో పని. బట్టలకి వాసన ఉంటుందని ఆ వేళకి గుమ్మం బయటే నిలబడతాడు. అమ్మమ్మ మాత్రం మూల కూర్చుని పెద్దాయనకి దణ్ణాలు పెడుతూ ఉంటుంది. ఆ మహానుభావుడు చెయ్యి వెయ్యబట్టే తన మనవరాలు దక్కిందని ఆవిడ నమ్మకం.

ఆ మహానుభావుడు ఏం చేశాడో డాక్టరమ్మకి తెలిసింది పాఠాల గదిలో. వారానికోసారి ఆయన వచ్చి కుర్ర డాక్టర్లకి పాఠం చెబుతాడు. ఒకసారి పిట్ట ఆపరేషన్ గురించే చెప్పాడు. "కొంత పేగు నల్లగా ఉంది, కొంత ఎర్రగా ఉంది, కొంత ఏ రంగో తేలలేదు. వేడి గుడ్డలు కప్పి చూడు, తేలకపోతే పొట్ట మూసి ఒకరోజు ఆగి మళ్ళీ తెరిచి చూడు అని పుస్తకాల్లో రాస్తారు. రాసేవాడికేం, వాడి భోజనం చల్లారదు. నేను అనుమానం ఉన్నదంతా తీసి పారేశా" అన్నాడు. గదంతా నవ్వింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ముందు వరసలో కూర్చుని, రంగు తేలని ఆ పేగు ఎంత ఉండి ఉంటుందా అని ఆలోచించింది. ఒక్కరోజు ఆగి ఉంటే అందులో సగం ఎర్రబడేదేమో. పావు వంతు ఎర్రబడినా ఈ పిల్ల ఒంట్లో ఈ గొట్టం ఉండేది కాదేమో. ఎర్రబడేదో లేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది ఆ రోజే బకెట్లోకి పోయింది. పాఠం అయ్యాక అందరితో పాటు లేచి నిలబడింది, అందరితో పాటు "థాంక్యూ సార్" అంది. ఇంటికొచ్చి చెప్పులైనా విడవకుండా మొగుడి మీద విరుచుకుపడింది.

"ఆయన భోజనం చల్లారకూడదని ఆ పిల్ల జన్మంతా ఆకలితో ఉండాలా?"

"నా మీద అరిస్తే ఏం లాభం? ఆయన్నే అడగలేకపోయావా?"

"ఎలా అడుగుతాను? నాకు కత్తి పట్టుకోవడం నేర్పిందే ఆయన."

"అయితే ఊరుకో. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. మన డాక్టర్ల సంగతి మనమే వీధిలో పెట్టుకుంటామా?"

"చిరిగింది మన కడుపు కాదుగా" అని ఆమె విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. ఎంత హాస్యగాడైనా ఆ మాటకి జోకు వెయ్యలేకపోయాడు.

ఈ మూడేళ్ళలో మిగిలిన ఆ కాస్త పేగూ ఊరికే కూర్చోలేదు. తన మీద పడ్డ బరువు మొయ్యలేక సాగింది, కానీ పొడుగ్గా కాదు, వెడల్పుగా. ఊదిన బుడగలా ఉబ్బింది. తిన్నది అందులోనే నిలిచిపోయి పులుస్తుంది, క్రిములు పెరుగుతాయి, పొట్ట బిగుసుకుపోయి పిల్ల ముడుచుకు పడుకుంటుంది. చూడ్డానికి అది చెడిపోయిన పేగులా ఉంటుంది. కానీ తెలిసిన సర్జన్ చేతికి దొరికితే ఆ వెడల్పే పెట్టుబడి. వెడల్పు ఉంటేనే దాన్ని పొడుగు చెయ్యడానికి వీలవుతుంది. డాక్టరమ్మ ఆ పద్ధతి వేరే చోట ఏడాది ఉండి నేర్చుకుని వచ్చింది. పిట్ట పేగు సరిపడా వెడల్పయ్యేదాకా కాచుకుని కూర్చుంది.

ఆపరేషన్ గురించి చెప్పడానికి తల్లినీ అమ్మమ్మనీ తన గదికి పిలిచింది. పిట్ట తల్లి ఒళ్ళో కూర్చుని, బల్ల మీది కలాలన్నీ ఒక్కొక్కటే కింద పడేస్తోంది.

"టికెట్ల కోసం జనం నిలబడేచోట ఇనప కడ్డీలు పెట్టి అటూ ఇటూ తిప్పుతారు చూడండి" అంది డాక్టరమ్మ. "గది అదే గది. కానీ కడ్డీలు పెట్టాక మనిషి ఎక్కువ దూరం నడవాలి. పేగుకి ఇటుపక్క నుంచి సగం దాకా ఒక కోత, అటుపక్క నుంచి సగం దాకా ఒక కోత, కోసినచోటల్లా వెంటనే కుట్టేసే యంత్రం ఉంటుంది. తిండి వంకరటింకరగా ఎక్కువసేపు నడుస్తుంది. సన్నబడుతుంది, పొడుగవుతుంది. పేగులో ఒక్క ముక్క కూడా పారెయ్యం."

"జనం తిట్టుకుంటారండి, కడ్డీలు పెడితే" అంది తల్లి. అంతలోనే ముఖం మారింది. "దీంతో గొట్టం పోతుందా?"

"వెంటనే పోదు. రోజూ పెట్టేది వారంలో నాలుగు రోజులకి రావచ్చు. తర్వాత రెండు రోజులకి రావచ్చు. ఎప్పటికైనా పోవచ్చు, పోకపోనూవచ్చు. కానీ ఇది చెయ్యకపోతే కాలేయం ఆగదు. ఆ పేగులో ప్రతి అంగుళమూ కావాలి నాకు."

"ఆ పెద్ద డాక్టరుగారు కూడా ఉంటారా అమ్మా?" అని అమ్మమ్మ అడిగింది. "ఆయన ఒక్కసారి చెయ్యి వేస్తే నాకు ధైర్యం."

డాక్టరమ్మ మొహం ఎర్రబడింది. చెప్పాల్సింది నాలుక చివరి దాకా వచ్చింది. మింగేసి, "నేను చేస్తానమ్మా" అని మాత్రం అంది.

ఆపరేషన్ ముందురోజు సాయంత్రం ఇంటికి ఫోన్ వచ్చింది. పెద్దాయన. "రేపు నా పిల్లకి పొట్ట తెరుస్తున్నావటగా అమ్మాయ్. నేనూ వస్తున్నా" అన్నాడు. వద్దు అనడానికి రెండే అక్షరాలు. అవి వేరే ఎవరితోనైనా ఆమె రోజుకి వందసార్లు అంటుంది. "రండి సార్" అంది.

కూర తరుగుతున్న మొగుడు కత్తి ఆపి చూశాడు. "పిలిచావా?"

"నేను పిలవలేదు. వస్తానన్నాడు. ఓ పక్కన నిలబడి చూస్తాడు, అంతే."

"చేతులు కడిగితే?"

"కడిగినా సరే. ఆ పేగు మీద చెయ్యి వెయ్యనివ్వను. నువ్వే చూస్తావుగా."

"నేను తలవైపు కూర్చుంటాను. నాకు అంతా కనిపిస్తుంది" అని అతను మళ్ళీ తరగడం మొదలుపెట్టాడు.

మర్నాడు ఉదయం పిట్ట మత్తులోకి జారేదాకా మత్తు డాక్టరు దాని చెవిలో ఏవేవో కబుర్లు చెప్పాడు. డాక్టరమ్మ పాత గాటు వెంటే పొట్ట తెరిచింది. మొదటి ఆపరేషన్ తర్వాత లోపల అంతా ఒకదానికొకటి అతుక్కుపోయి ఉంది. ఒక్కో పొరా విడదీస్తూ, ఎక్కడా చిల్లు పడకుండా, ఉబ్బిన పేగుని బయటికి తీసింది. తడిపిన దారం దాని అంచు వెంట పరిచి కొలిచింది. ఊహించినట్టే ఉంది. వెడల్పు సరిపోతుంది, రంగు మంచి ఎరుపు, వేలితో తాకితే ముడుచుకుంటోంది. బతికున్న పేగు, ఆకలిగా ఉన్న పేగు. "కుట్టు యంత్రం సిద్ధం చెయ్యండి సిస్టర్" అంది.

అప్పుడే తలుపు తోసుకుని పెద్దాయన వచ్చాడు, తడి చేతులు పైకెత్తి పట్టుకుని. "నా పిల్ల ఎలా ఉందర్రా?" అన్నాడు. గౌను తొడిగారు, గ్లవ్స్ వేశారు. నడిచి బల్ల దగ్గరికి వచ్చాడు.

డాక్టరమ్మ ఎడమపక్కకి జరిగింది.

ఎవరూ జరగమనలేదు. ఆయన కూడా అనలేదు, అనాల్సిన అవసరం ఆయనకి ఏనాడూ రాలేదు. నిన్న సాయంత్రం అంత గట్టిగా మాట్లాడిన మనిషి, ఆ పేగు కోసం మూడేళ్ళు కాచుకున్న మనిషి, తన కాళ్ళతో తనే బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి కుర్ర డాక్టరు పక్కన నిలబడింది. తీరా నిలబడ్డాక గాని తను ఎక్కడుందో ఆమెకి తెలియలేదు. తలవైపు కూర్చున్న మొగుడు తలెత్తి చూశాడు. ఆమె అతని వైపు చూడలేదు.

పెద్దాయన ఉబ్బిన పేగుని వేళ్ళతో ఎత్తి చూశాడు. "ఇదేంటిది, బుడగలా ఉంది? కుళ్ళు సంచీ ఇది. దీన్ని పెట్టుకుని కుట్లూ అల్లికలూ ఏంటి? ఉబ్బింది తీసేసి అటూ ఇటూ కలిపేస్తే పావుగంట పని."

"సార్, అదే కావాలి. దాన్నే పొడుగు చేస్తున్నాం" అంది మెల్లగా.

"పుస్తకాలు ఎక్కువ చదువుతున్నావు అమ్మాయ్. క్లాంపు."

సిస్టర్ పేగుని బిగించి పట్టే క్లాంపు చేతిలోకి తీసుకుని డాక్టరమ్మ వైపు చూసింది. ఒక్క మాట కోసం చూసింది. క్లాంపు పెద్దాయన చేతిలోకి వెళ్ళింది. పేగు ఒక కొసన పళ్ళు బిగిసిన చప్పుడైంది, పక్కనే మరో క్లాంపు బిగిసింది, మధ్యలో కత్తెర పడింది. ఆయన చెయ్యి ఇప్పటికీ వేగమే, ఆ మాటకి తిరుగులేదు. రెప్ప వేసి తెరిచేలోపు పేగు రెండయింది. ఆయన రెండో కొస వెతుక్కుంటూ మళ్ళీ చెయ్యి చాచాడు.

అప్పుడు డాక్టరమ్మ బల్లకి ఇవతలి నుంచి వంగి ఆయన మణికట్టు పట్టుకుంది.

ఆ గదిలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూడలేదు.

"చెయ్యి తియ్యండి సార్."

"ఏంటి?"

"తియ్యండి. ఇది నా ఆపరేషన్. మీ చోటు ఇది కాదు."

"నీ చేతికి పని నేర్పింది నేను."

"అవును సార్. అందుకే ఇంతసేపు నోరు మూసుకున్నా. దానికి ఈ పిల్ల పేగు పోయింది. ఇంక పోనివ్వను."

పెద్దాయన చుట్టూ చూశాడు. ఎవరో ఒకరు అడ్డుపడతారనీ, ఆమెని మందలిస్తారనీ ఆయన అనుకుని ఉంటాడు. తలవైపు నుంచి మత్తు డాక్టరు మెల్లగా అన్నాడు, "సార్, బిడ్డకి మత్తు ఎక్కువసేపు మంచిది కాదు. ఆవిణ్ణి చేసుకోనివ్వండి." ఆయన గ్లవ్స్ పీకి నేల మీద కొట్టి వెళ్ళిపోయాడు. తలుపు చాలాసేపు ఊగుతూనే ఉంది.

డాక్టరమ్మ కుడిపక్కకి తిరిగి వచ్చింది. క్లాంపులు రెండూ విప్పింది. క్లాంపు పళ్ళు పడిన అంచులు నలిగి నల్లబడ్డాయి. నలిగిన చోట కుట్టు నిలవదు. రెండు పక్కలా కత్తిరిస్తే రెండు వేళ్ళ వెడల్పు పేగు పోయింది. ఆ రెండు ముక్కలూ పళ్ళెంలో పెట్టినప్పుడు సిస్టర్ ముఖం పక్కకి తిప్పుకుంది. తెగిన కొసలు కలిపి కుట్టింది. ఆ తర్వాత యంత్రంతో ఇటుపక్క సగం దాకా, అటుపక్క సగం దాకా, ఒకదాని తర్వాత ఒకటి. బుడగలా ఉన్నది మెలికలు తిరిగిన సన్నటి దారిగా మారింది. తడిదారం మళ్ళీ పరిచి కొలిచింది. రెండు జానలకి కాస్త తక్కువ. ఆ తక్కువ ఎందుకు తక్కువో గదిలో అందరికీ తెలుసు.

బయట వరండాలో బెంచీ మీద పిట్ట తల్లి, తండ్రి, అమ్మమ్మ కూర్చుని ఉన్నారు. వాళ్ళ మధ్యలో, బట్టలు మార్చుకుని, తల దువ్వుకుని, పెద్దాయన కూర్చుని ఉన్నాడు.

"నేనూ చెయ్యి వేశానమ్మా, భయం లేదు" అంటున్నాడు. అమ్మమ్మ ఆయన రెండు చేతులూ పట్టుకుని కళ్ళకి అద్దుకుంటోంది. "రెండోసారి బతికించారు బాబూ" అంటోంది. ఆయన చేతులు వెనక్కి తీసుకోలేదు.

డాక్టరమ్మ తలుపు దగ్గర ఆగిపోయింది. ఆపరేషన్ గదిలో వేసుకునే కాళ్ళ తొడుగులు విప్పి చేత్తో పట్టుకుని ఉంది. లోపల ఇంతసేపూ అణిచిపెట్టిన కోపమంతా ఒక్కసారి నెత్తికెక్కింది. ఆ చేతులు, ఆ కళ్ళు, ఆ దణ్ణం. ఇంతకాలం డాక్టర్లందరూ ఒకరి వెనక ఒకరు నిలబడి కట్టుకున్న గోడ అది. ఆ గోడలో తనూ ఒక ఇటుకే.

"పాప బాగానే ఉంది. ఆపరేషన్ అయింది" అని ముందు చెప్పింది, తల్లి గుండె ఆగకూడదని. తర్వాత ఆగకుండా చెప్పేసింది. "మీకు తెలియాల్సినవి రెండున్నాయి. మొదటిసారి మెలి విప్పింది ఈయనే. విప్పకపోతే పాప ఆ రోజే పోయేది, ఆ మాట ఈయనకి దక్కాల్సిందే. కానీ కోసిన పేగంతా చచ్చిపోయిన పేగు కాదేమో. కొంత పేగు ఒకరోజు ఆగి చూడాల్సింది. ఆగలేదు. ఆగితే ఎంత మిగిలేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. రెండోది ఇవాళ్టిది. ఈయన పేగు ఒకచోట కోశారు. ఆ కోత అక్కర్లేదు. దానివల్ల రెండు వేళ్ళంత పోయింది. మిగిలినదాన్ని పొడుగు చేశాను."

"అలిసిపోయింది పాపం, ఏదో మాట్లాడుతోంది" అన్నాడు పెద్దాయన లేస్తూ. "అమ్మాయ్, ఇవి ఇక్కడ మాట్లాడే మాటలు కావు."

"ఎక్కడ మాట్లాడాలి సార్? మీ పాఠంలోనా? అక్కడ నవ్వుతారు."

"నీ పేరు కూడా పోతుంది, చూసుకో."

"పోనివ్వండి."

పెద్దాయన తల్లి వైపు తిరిగాడు. తనకి అలవాటైన దణ్ణం అక్కడ దొరుకుతుందని చూశాడు. తల్లి ఆయన వైపు చూడటం లేదు. తండ్రి మాత్రం లేచి నిలబడి, "మీరు వెళ్ళండి సార్" అన్నాడు, మర్యాదగానే అన్నాడు గాని పిడికిళ్ళు బిగిసి ఉన్నాయి. పెద్దాయన వెళ్ళిపోయాడు. అమ్మమ్మ చేతులు ఇంకా జోడించే ఉన్నాయి, ఎవరికో తెలియకుండా.

డాక్టరమ్మకి ఒళ్ళు తేలికపడింది. ఇన్నాళ్ళ బరువు దింపేసినట్టు అనిపించింది. మంచి పని చేశాననుకుంది, ఎవరూ చెయ్యలేనిది చేశాననుకుంది. తల్లి తన చెయ్యి పట్టుకుంటుందని కూడా ఏ మూలో అనుకుని ఉంటుంది.

"ఆయన సంగతి మీకు ఎప్పట్నుంచి తెలుసు?" అంది తల్లి.

"తెలిసి... కొన్నాళ్ళయింది."

"తెలిసే లోపలికి రానిచ్చారా?"

డాక్టరమ్మ చేతిలోని తొడుగుల్ని ఉండ చుట్టింది.

"ఆయన బలవంతంగా తోసుకొచ్చాడా? ఎవరైనా మిమ్మల్ని పట్టుకుని ఆపారా?"

"లేదు. నేనే పక్కకి జరిగాను."

"ఎందుకు?"

"అలవాటమ్మా. ఆయనొస్తే అందరం జరుగుతాం."

తల్లి గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "నా బస్సులో మా సొంత మేనమామ టికెట్టు లేకుండా ఎక్కితే మధ్యదారిలో దించేశాను. ఇప్పటికీ మా ఇంటికి రాడు. అది పావలా బస్సు. ఇది నా బిడ్డ కడుపు. మీరు ఆయన్ని ఎక్కించుకుని, కోసేదాకా చూసి, తర్వాత దించానని నాకొచ్చి చెబుతున్నారు. నేను మీకు దణ్ణం పెట్టాలా?"

"వద్దు."

"పాప కోలుకునేదాకా ఇక్కడే ఉండాలి. రేపో మాపో ఆయన మళ్ళీ వస్తాడు. అప్పుడు?"

"రానివ్వను" అంది డాక్టరమ్మ.

"ఇవాళ పొద్దున కూడా అదే అనుకుని ఉంటారు" అంది తల్లి. ఇంకేమీ అనకుండా ఆమెని దాటుకుని పిట్ట ఉన్న గది వైపు నడిచింది.

డాక్టరమ్మ కాళ్ళ తొడుగులు చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయింది.